విండో అంచులకు స్టైల్‌షీట్ థీమ్‌లు: విండో మేనేజర్‌లో ఆ వ్యవస్థను కట్టే విధానం

లినక్స్ వంటి వ్యవస్థల్లో తెరమీద విండోలను చూపే ఎక్స్11 మీద పనిచేసే విండో మేనేజర్లలో (విండోల స్థానాన్ని, కొలతను చూసుకునే ప్రోగ్రాముల్లో) చాలావరకు ప్రతి అప్లికేషన్ విండోనూ తాము సృష్టించిన మరో విండో లోపల కూర్చోబెడతాయి. ఆ బయటి విండోనే చట్రం అంటాం. టైటిల్‌బార్, మూసే బటన్, చుట్టూ కనిపించే సన్నని గీత, మూలల్లో పట్టుకుని లాగే చోటు ఇవన్నీ ఆ చట్రం మీద విండో మేనేజర్ గీసినవే. ఈ చట్రం రూపాన్ని ప్రోగ్రాములోనే స్థిరపరచకుండా, వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌ను పోలిన స్టైల్‌షీట్ ద్వారా థీమ్ రచయితలకు అప్పగించాలనుకునే ప్రోగ్రామర్ల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట ముందే చెబుతాను: చట్రం ఎంత స్థలం తీసుకుంటుందన్నది వేరు, ఆ స్థలంలో ఏం గీస్తామన్నది వేరు. స్టైల్‌షీట్ భాషలోనే ఈ రెండింటినీ విడదీసి ఉంచితే తరవాతి పని చాలావరకు సాఫీగా సాగుతుంది.

పాత పద్ధతుల నుంచి ఏం తీసుకోవాలి

ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్ థీమ్ ఫైలులో ఒక్కో వరుసకు ఒక పేరు, దాని ఎదుట ఒక విలువ ఉంటాయి. నేర్చుకోవడం తేలికే కానీ, ముందుగా పేరు పెట్టి ఉంచని దేన్నీ మార్చే వీలుండదు. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 అనే మరో విండో మేనేజర్ థీమ్ ప్రధానంగా చిన్న చిన్న బొమ్మల సంపుటి. మూలల వంపు కాస్త తగ్గించాలన్నా క్రియాశీల స్థితికి ఒకటి, నిష్క్రియ స్థితికి ఒకటి చొప్పున ఆ బొమ్మలను మళ్లీ గీసుకోవాలి. గ్నోమ్ 2 డెస్క్‌టాప్ కాలపు విండో మేనేజర్ మెటాసిటీ దీనికి పూర్తిగా అవతలి కొసన నిలిచింది. అందులో థీమ్ అంటే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు. ఇక్కడ గీత గీయి, అక్కడ దీర్ఘచతురస్రం నింపు అనే ఆదేశాలు, వాటి స్థానాలను లెక్కగట్టే గణిత సమాసాలు దాని నిండా ఉండేవి. దాంతో ఏ రూపమైనా సాధ్యమయ్యేది గానీ, ఆ ఫైలు చదివి ఈ థీమ్‌లో టైటిల్ రంగు ఏమిటని కనిపెట్టడం కష్టంగా ఉండేది. 2015లో వచ్చిన గ్నోమ్ 3.16తో దాని తరవాతి విండో మేనేజర్ మటర్ ఆ థీమ్‌లను వదిలేసి, గ్నోమ్ వాడే ఇంటర్‌ఫేస్ లైబ్రరీ జీటీకే సీఎస్ఎస్‌కు మారింది. థీమ్ రచయితకు గీసే ఆదేశాలు ఇవ్వకూడదని, రూపాన్ని వర్ణించే లక్షణాలు మాత్రమే ఇవ్వాలని నేను అనడానికి ఈ చరిత్రే ఆధారం.

మూలకాలు, వాటి పేర్లు

మొదట చట్రాన్ని మూలకాల చెట్టుగా రాసుకోవాలి. అన్నిటికీ పైన చట్రం. దాని లోపల టైటిల్‌బార్. టైటిల్‌బార్‌లో ఎడమ బటన్ల గుంపు, టైటిల్ పాఠం, కుడి బటన్ల గుంపు. ఒక్కో బటన్‌కు మూలకం పేరు ‘బటన్’ అనే ఉంచి, మూసేది, కుదించేది, పెద్దది చేసేది అన్న భేదాన్ని క్లాసు (మూలకానికి తగిలించే అదనపు పేరు) ద్వారా చెప్పాలి. అప్పుడు థీమ్ రచయిత అన్ని బటన్లకూ ఒకే నియమం రాసి, మూసే బటన్‌కు మాత్రం ఎరుపు రంగుతో మరో చిన్న నియమం రాసుకుంటే సరిపోతుంది. ఏ బటన్ ఏ వైపున ఉండాలన్నది వాడుకరి అలవాటుకు సంబంధించిన విషయం కనుక, దాన్ని డెస్క్‌టాప్ సెట్టింగులకే వదిలేయాలి. థీమ్ మార్చిన ప్రతిసారీ మూసే బటన్ కుడి నుంచి ఎడమకు గెంతడం ఎవరూ కోరుకోరు.

ఈ పేర్లను ప్రకటించిన రోజు నుంచీ అవి థీమ్ రచయితలకు మీరు ఇచ్చిన మాట అవుతాయి. 2016లో జీటీకే 3.20 తన మూలకాల పేర్లన్నిటినీ మార్చినప్పుడు అంతకుముందు రాసిన థీమ్‌లు పెద్ద సంఖ్యలో పనికిరాకుండా పోయాయి. ఆ మార్పు వల్ల భాష శుభ్రపడిన మాట నిజమే అయినా, దాని భారం మోసినది తీరిక వేళల్లో థీమ్‌లు రాసే వాలంటీర్లు. అందుకే మొదటి విడుదలలో పేర్లు తక్కువగా ఉండాలి. కొత్త పేరు ఎప్పుడైనా చేర్చవచ్చు, ఉన్న పేరు తీసేయడం మాత్రం కష్టం.

ఒక నియమం ఏ మూలకాలకు వర్తిస్తుందో చెప్పే సెలెక్టర్లు కూడా తక్కువే చాలు. మూలకం పేరు, క్లాసు, స్థితి, ‘దీని లోపల ఉన్నది’ అనే సంబంధం, ఈ నాలుగింటితో చట్రంలోని ఏ భాగాన్నైనా చేరుకోవచ్చు.

స్థితులు రెండు రకాలు

చట్రానికి వచ్చే స్థితులన్నిటినీ ఒకే జాబితాగా చూడటం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. విండో తెరనిండా పెద్దది కావడం, తెరలో ఒక సగానికి అతుక్కోవడం, టైటిల్‌బార్ మాత్రమే మిగిలేలా ముడుచుకోవడం, డైలాగ్ లేదా సాధనాల విండో కావడం ఇవన్నీ ఒక రకం. ఇవి మారినప్పుడు విండో కొలత ఎలాగూ మారుతుంది, లేదా విండో పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. ఫోకస్ (కీబోర్డు టైపింగ్ అందుకునే స్థితి) పోవడం, మౌస్ బటన్ మీదికి రావడం, బటన్ నొక్కి ఉండటం, విండో వాడుకరి దృష్టిని కోరడం రెండో రకం. ఇవి నిమిషానికి ఎన్నోసార్లు మారుతుంటాయి.

రెండో రకం స్థితి వల్ల అంచు మందం ఒక్క పిక్సెల్ మారినా ఏం జరుగుతుందో చూడండి. చట్రం బయటి కొలత అలాగే ఉండాలంటే లోపలి అప్లికేషన్ విండో కొలత మారాలి. ఆ సంగతి దానికి చేరగానే అది తన మొత్తం రూపాన్ని తిరిగి లెక్కగట్టుకుని గీసుకోవాలి. టెర్మినల్ అయితే వరుసల సంఖ్య, నిలువు గడుల సంఖ్య మళ్లీ లెక్కించుకుని లోపల నడుస్తున్న ప్రోగ్రాముకు తెలియజేయాలి. మౌస్ ఎక్కడుంటే ఫోకస్ అక్కడికే వెళ్లేలా అమర్చుకున్న వాడుకరి తెరమీద మౌస్‌ను అటునుంచి ఇటు జరిపినంతలోనే దారిలో ఉన్న విండోలన్నీ కదిలిపోతాయి.

దీన్ని థీమ్ రచయిత జాగ్రత్తకు వదలకుండా వ్యవస్థలోనే అడ్డుకోవాలి. లక్షణాలను రెండు పట్టికలుగా విడదీయండి. అంచు మందం, ప్యాడింగ్ (లోపలి ఖాళీ), కనీస ఎత్తు, బటన్ల మధ్య ఎడం, ఫాంట్, ఫాంట్ పరిమాణం కొలతల పట్టికలోకి వస్తాయి. రంగు, నేపథ్యం, నీడ, వంపు, పారదర్శకత గీతల పట్టికలోకి వస్తాయి. ఫాంట్‌ను మొదటి పట్టికలో ఎందుకు పెట్టానంటే, ఫోకస్ ఉన్నప్పుడు టైటిల్‌ను బొద్దుగా చూపాలన్న కోరిక చాలా థీమ్‌లలో కనిపిస్తుంది, బొద్దు అక్షరాల ఎత్తు మామూలు అక్షరాలతో సమానంగా ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

ఒక్కో స్థితిని ఒక్కో బిట్‌గా (ఉంటే 1, లేకపోతే 0) రాసుకుని, కొలతల పట్టికను లెక్కించేటప్పుడు ఆ స్థితుల బిట్లలో రెండో రకానివన్నీ సున్నా చేసి, ఆ తరవాతే నియమాలను సరిపోల్చాలి. అప్పుడు ఫోకస్ లేని చట్రానికి అంచు 4 పిక్సెళ్లు అని ఎవరు రాసినా ఆ నియమం కొలతల విషయంలో అసలు సరిపోలదు. దీనితోపాటు, థీమ్ చదివేటప్పుడే ఫలానా వరుసలోని ఈ లక్షణం ఇక్కడ పనిచేయదని హెచ్చరిక రాస్తే రచయితకు అయోమయం ఉండదు. ‘ఈ స్థితి లేనప్పుడు’ అనే నిషేధ సెలెక్టర్‌ను మొదటి విడుదలలో ఇవ్వవద్దని నా సలహా. బిట్లను సున్నా చేసే ఈ పద్ధతితో కలిస్తే దాని అర్థం రచయిత అనుకున్నదానికి భిన్నంగా తేలుతుంది.

కొలతలు ఇలా స్థిరంగా ఉంటే ఇంకో ప్రయోజనం కూడా ఉంది. విండో మేనేజర్లు, అప్లికేషన్లు సమాచారం పంచుకునే తీరును చెప్పే ఈడబ్ల్యూఎంహెచ్ ప్రమాణం ప్రకారం విండో మేనేజర్ ప్రతి విండోకూ చట్రం కొలతలను ఎడమ, కుడి, పై, కింది అనే వరుసలో నాలుగు సంఖ్యలుగా ప్రకటించాలి. విండో తెరమీదికి రాకముందే వాటిని అడిగే హక్కు కూడా అప్లికేషన్‌కు ఉంది. ఫోకస్ వస్తుందో రాదో తెలియని ఆ క్షణంలో కూడా మీరు సరైన జవాబు ఇవ్వగలుగుతారు.

కనిపించే అంచు, పట్టుకునే అంచు

నేటి థీమ్‌లు 1 పిక్సెల్ గీతనో, గీత లేకుండా నీడనో ఇష్టపడతాయి. మౌస్‌తో 1 పిక్సెల్ గీతను పట్టుకోవడం మామూలు చేతికే కష్టం, చేయి వణికే వారికి దాదాపు అసాధ్యం. అందువల్ల కనిపించే అంచుకు బయట, కంటికి కనిపించని ఒక పట్టుకునే అంచు ఉండాలి. మటర్‌లో దీని వెడల్పు ఒక సెట్టింగు, దాని మామూలు విలువ 10. దీన్ని స్టైల్‌షీట్‌కు అప్పగించకండి. వెడల్పు ఎంత ఉండాలన్నది వాడుకరి చేతి సౌకర్యాన్ని బట్టి తేలాల్సింది కనుక అది థీమ్‌తోపాటు మారిపోకూడదు.

ఇదే వరుసలో మరో చిన్న విషయం: విండో తెరనిండా ఉన్నప్పుడు మూసే బటన్ స్పందించే ప్రాంతం తెర మూల దాకా విస్తరించాలి. థీమ్‌లో ప్యాడింగ్ ఎంత ఉన్నా, మౌస్‌ను చూడకుండా మూలకు తోసి నొక్కితే బటన్ పనిచేయాలి.

తెర స్కేలు 1.25 లాంటి భిన్నం అయినప్పుడు 1 పిక్సెల్ గీత మసకబారుతుంది. అంచు మందాన్ని స్కేలుతో గుణించి, వచ్చినదాన్ని కిందికి పూర్ణాంకం చేసి, ఆ పూర్ణాంకం సున్నా అయితే 1గా తీసుకోండి. ఈ సవరణ కొలతలు లెక్కించే దశలోనే జరగాలి. గీసే దశలో చేస్తే ప్రకటించిన కొలతకు, గీసిన కొలతకు పొంతన కుదరదు.

టైటిల్ పాఠం

తెలుగు చదివేవారికి ఈ భాగం స్వయంగా తెలిసిన సంగతే. రోమన్ లిపిని మాత్రమే మనసులో పెట్టుకుని టైటిల్‌బార్ ఎత్తును 18 పిక్సెళ్లు అని బిగించిన థీమ్‌లలో ‘రాష్ట్రం’, ‘శాస్త్రీయ’ వంటి మాటల కింది ఒత్తులు తెగిపోతాయి. మన లిపిలో ఒత్తులు ఆధార రేఖకు బాగా కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. కనుక ఎత్తు అనే లక్షణాన్ని ఇవ్వకుండా కనీస ఎత్తు అనే లక్షణాన్ని మాత్రమే ఇవ్వాలి. అసలు ఎత్తు ఫాంట్ కొలతల నుంచి రావాలి. పాఠాన్ని అమర్చే పాంగో లైబ్రరీని ఫాంట్ కొలతలు అడిగేటప్పుడు భాషను కూడా చెప్పవచ్చు. డెస్క్‌టాప్ భాష తెలుగైతే తెలుగు అక్షరాలు నిజంగా ఏ ఫాంట్ నుంచి వస్తాయో దాని ఎగువ, దిగువ కొలతలే తీసుకోవాలి, ఎందుకంటే థీమ్‌లో పేర్కొన్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే నోటో సాన్స్ తెలుగో, లోహిత్ తెలుగో దాని బదులు వస్తుంది. ఇంగ్లిష్ డెస్క్‌టాప్ మీద తెలుగు పేరున్న ఫైలు తెరిచే వారూ ఎందరో ఉన్నారు కాబట్టి, వాడుకరి ఎంచుకున్న భాషలన్నిటి కొలతల్లో పెద్దదాన్ని తీసుకోవడం ఇంకా మేలు. అంతేగానీ ప్రతి టైటిల్‌నూ విడిగా కొలిచి ఎత్తు మార్చకూడదు. బ్రౌజర్‌లో ట్యాబ్ మారిన ప్రతిసారీ టైటిల్ మారుతుంది, అలా కొలిస్తే దానితోపాటే చట్రం కూడా మారిపోతుంది.

టైటిల్ పట్టనప్పుడు చివర చుక్కలు పెట్టి కుదించే పనిని కూడా లేఔట్ లైబ్రరీకే అప్పగించాలి. ‘స్త్రీ’ తెరమీద ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. బైట్లు లెక్కపెట్టి కత్తిరిస్తే చెల్లని పాఠం మిగలవచ్చు, సంకేతాలు లెక్కపెట్టి కత్తిరిస్తే పొల్లుతో ఆగిన సగం అక్షరం మిగలవచ్చు.

పొరలు, తప్పుల నిర్వహణ

స్టైల్‌షీట్లు ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉండాలి. జీటీకేలో ఈ ప్రాధాన్యాలకు అంకెలు ఉన్నాయి: అంతర్నిర్మిత ఆధారానికి 1, థీమ్‌కు 200, సెట్టింగులకు 400, అప్లికేషన్‌కు 600, వాడుకరి సొంత ఫైలుకు 800. చట్రానికి అప్లికేషన్ పొర అక్కరలేదు. దాని బదులు దృష్టి లోపం ఉన్నవారి కోసం అధిక కాంట్రాస్ట్ పొరను థీమ్‌కు పైన, వాడుకరి ఫైలుకు కింద ఉంచండి. రంగులకు పేర్లు పెట్టి వాడుకునే సౌకర్యం తప్పక ఇవ్వండి. దానివల్ల పై పొర రెండు మూడు రంగులను మార్చి మొత్తం రూపాన్ని సరిచేయగలదు. టైటిల్ పాఠానికి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ 4.5:1, బటన్ గుర్తులకు 3:1 ఉండాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ చెబుతుంది. ఫోకస్ లేని విండోలను మసకగా చూపే ఉత్సాహంలో ఈ హద్దు దాటే థీమ్‌లు చాలా ఉన్నాయి కనుక, థీమ్ చదివే దశలోనే లెక్కించి హెచ్చరించడం మంచిది.

తెలియని లక్షణం ఎదురైతే ఆ ఒక్క ప్రకటనను వదిలి ముందుకు సాగాలన్న సీఎస్ఎస్ సూత్రాన్ని యథాతథంగా పాటించండి. రేపటి విడుదల కోసం రాసిన థీమ్ నేటి విండో మేనేజర్‌లో కొంత తక్కువ అలంకారంతోనైనా నడుస్తుంది. అంతర్నిర్మిత స్టైల్‌షీట్‌ను ప్రోగ్రాములోనే పొందుపరచాలి, ఎందుకంటే థీమ్ ఫైలు మాయమైనా, పాడైనా విండో మేనేజర్ ఆగిపోకూడదు. అది ఆగితే వాడుకరికి దాన్ని సరిచేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. థీమ్ అడిగే బొమ్మలు థీమ్ డైరెక్టరీ దాటి ఉండకూడదు, నెట్‌వర్క్ నుంచి అసలే రాకూడదు, వాటి కొలతకు ఒక పరిమితి ఉండాలి.

గీయడం

సాధ్యమయ్యే స్థితుల కలయికలు తక్కువే కాబట్టి, స్థితుల బిట్లనే తాళంచెవిగా చేసి తేల్చిన విలువలను దాచుకుంటే ప్రతిసారీ నియమాలు వెతకనక్కరలేదు. చట్రాన్ని నాలుగు మూలలు, నాలుగు అంచులుగా విడగొట్టి మూలలను ఒక్కసారే గీసి పెట్టుకోండి. విండోను లాగుతున్నంతసేపూ అంచులు మాత్రమే సాగుతాయి. విండోలన్నిటినీ కలిపి తెరమీద చూపే కంపోజిటర్ నడవనప్పుడు నీడలు, మెత్తని వంపులు సాధ్యం కావు, కాబట్టి ఆ సంగతిని చట్రానికి ఒక క్లాసుగా తెలిపితే థీమ్ రచయిత నీడ స్థానంలో మామూలు గీత పెట్టుకుంటాడు. జీటీకే ఇటువంటి సందర్భానికే నీడలేని చట్రాలకు ప్రత్యేక క్లాసు ఉంచింది.

ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్‌కు వెళ్లేటప్పుడు కూడా ఈ నిర్మాణం చాలావరకు పనికొస్తుంది. అక్కడ చట్రాన్ని అప్లికేషన్ గీయాలా, కంపోజిటర్ గీయాలా అన్నది ఎక్స్‌డీజీ డెకరేషన్ ప్రొటోకాల్ ద్వారా తేలుతుంది. అప్లికేషన్ తన చట్రాన్ని తానే గీసుకుంటే దాని మీద మీ స్టైల్‌షీట్‌కు అధికారం ఉండదు. కంపోజిటర్ గీసేలా కుదిరితే ఇక్కడ చెప్పిన కొలతల పట్టిక, గీతల పట్టిక రెండూ అలాగే ఉపయోగపడతాయి. ఎక్స్11కు సంబంధించిన ప్రకటనల కోడును మాత్రం విడి ఫైలులో ఉంచుకుంటే దాన్ని పక్కన పెట్టడం సులువవుతుంది.