ఫ్రాన్స్ నారోగేజి కంపెనీ చరిత్ర తవ్వాలంటే ముందు డబ్బు సంగతి చూడండి

ఫ్రాన్స్‌లోని పాత చిన్న రైలు కంపెనీల చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా ఆవిరి ఇంజన్ల ఫొటోలతో మొదలుపెడతారు. అలా వద్దు. లైను వేయడానికి అనుమతి ఎవరిచ్చారు, డబ్బు ఎవరు పెట్టారు, నష్టం ఎవరు భరించారు అన్నవి ముందు పట్టుకోండి.

దక్షిణ ఫ్రాన్స్‌లో నీస్ నుంచి దీన్య్ వెళ్లే 151 కిలోమీటర్ల మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు దూరం, అక్కడ ఇదీ నారోగేజే) లైనునే తీసుకోండి. దాన్ని వేసిన కంపెనీ 1885లో 'సుద్ ద లా ఫ్రాన్స్' పేరుతో పుట్టింది, 1925లో 'షెమాఁ ద ఫేర్ ద ప్రొవాఁస్'గా మారింది. ఒక్క పేరుతోనే వెతికితే సగం చరిత్ర చేజారుతుంది, కాబట్టి పేర్లన్నీ తేదీలతో సహా ముందే రాసి పెట్టుకోండి.

తర్వాత అది ఏ రకం లైనో చూడండి. 1865, 1880 చట్టాల కింద డిపార్ట్‌మెంట్లు, అంటే అక్కడి జిల్లాలు, అనుమతిచ్చినవి 'స్థానిక ప్రయోజన' లైన్లు. వాటి కాగితాలు డిపార్ట్‌మెంట్ ఆర్కైవ్స్‌లో ప్రజాపనులకు కేటాయించిన 'ఎస్' సిరీస్‌లో వెతకాలి. గేజి చిన్నదైనంత మాత్రాన స్థానిక లైను అనుకోకండి. నీస్–దీన్య్ లైను మీటర్ గేజిదే అయినా 'సాధారణ ప్రయోజన' వర్గంలోది, అంటే దాని వ్యవహారం జిల్లాతో కాదు, నేరుగా పారిస్‌లోని ప్రభుత్వంతో.

ఇక అసలు విషయం పాత పత్రికల్లో ఉంటుంది, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం నడిపే గాలికా సైట్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి. 1895 సంచికలు తప్పకుండా తిరగేయండి. పనామా కాలువ కుంభకోణంలో మారుమోగిన బ్యాంకరు జాక్ ద రైనాక్ పేరు ఈ 'సుద్ ద లా ఫ్రాన్స్' కంపెనీ వ్యవహారాల్లోనూ కనిపిస్తుంది, దీని లెక్కల మీద పార్లమెంటులో రేగిన గొడవలోనే ఆ అక్టోబరులో ప్రధాని రిబో ప్రభుత్వం పడిపోయింది! కొండల్లో మెల్లగా పాకే రైలు పారిస్‌లో మంత్రివర్గాన్నే దించేసిందంటే ఇందులో ఎంత డబ్బు తిరిగిందో ఆలోచించండి. ఇంజన్ల ఫొటోలు ఎన్ని చూసినా ఈ సంగతి తెలియదు.

లైన్లు ఎప్పుడు మూతపడ్డాయో చూసేటప్పుడు తేదీతో ఆగకండి, కారణం కూడా అడగండి. ఇదే కంపెనీకి చెందిన, ద్రాగిన్యాఁ నుంచి గ్రాస్ మీదుగా నీస్ వెళ్లే లైను 1944 ఆగస్టులో వంతెనలు పేల్చేయడంతో తెగిపోయింది, మళ్లీ కట్టలేదు. ఈ కంపెనీదే అయిన తూలోఁ–సాఁ రఫాయెల్ తీర రైలు మాత్రం 1949 దాకా నడిచింది.

చివరగా ఫ్రాన్స్ మ్యాపుల సంస్థ ఐజీఎన్ సైట్‌లో విమానం నుంచి తీసిన పాత, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని లైను దారి వెంట వెళ్లండి. గ్రాస్–నీస్ మధ్య ఉన్న పోఁ ద్యు లూ ఊరి దగ్గర, 1944లో కూలిన వంతెన స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, మొదట అక్కడ చూడండి.