ఖాట్మండులో సేవకి వెళ్తే, శనివారం గోదావరికి వెళ్లండి

మా రాజమండ్రిలో వాలంటీర్ అంటే ఒకప్పుడు ఒకటో తారీఖున పింఛను పట్టుకొచ్చే అబ్బాయి. అందుకే రిటైరయ్యాక "నేపాల్లో వాలంటీరుగా చేరుతున్నా" అంటే పక్కింటావిడ, "అక్కడ కూడా పింఛన్లు పంచుతున్నారా టీచరుగారూ?" అని అడిగింది.

నేను వెళ్లింది ఖాట్మండుని ఆనుకునే ఉన్న లలిత్‌పుర్‌లో పిల్లల హాస్టలుకి. ఫిబ్రవరి నుంచి మే దాకా లెక్కలు చెప్పాను. పనిలో ఇబ్బందేం లేదు. ఇబ్బందల్లా సెలవు రోజుతోనే. నేనున్నప్పుడు అక్కడ బడికి సెలవు శనివారం ఒక్కటే, ఆదివారం మామూలుగా పాఠాలు. మొదటి శనివారం బట్టలు ఉతుక్కుని, పేపర్లు దిద్దుకున్నాను. రెండోసారి కుర్ర వాలంటీర్లతో తెల్లవారుజామున నాలుగింటికి జీపెక్కి, సూర్యోదయం చూద్దామని నగర్‌కోట్ వెళ్లాను. పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. ఫొటోలు మాత్రం నలభై దిగాం. మర్నాటికి మోకాళ్లు వాచాయి. ఆ వారమే, పన్నెండు ఎనిమిదులు తప్పు చెప్పాడని ఒక పిల్లాణ్ణి కసిరేశాను. వాడు చప్పుడు చేయకుండా పుస్తకం మూసేశాడు. నాకే సిగ్గేసింది. చూడదగ్గ ప్రదేశాలు కాదు నాకు కావలసింది, నాతో ఎవరికీ పని పడని చోటు.

దానికి ఏర్పాట్లు శుక్రవారం రాత్రే మొదలుపెట్టాలి. నేపాలీ ఇళ్లలో పొద్దున తొమ్మిది, పదింటికల్లా పప్పూ అన్నం తినేస్తారు. మధ్యాహ్నం ఏదో చిరుతిండి, మళ్లీ రాత్రికే అన్నం. మీరు ఉన్న ఇంట్లో ఆమాకి, అంటే ఆ ఇంటి అమ్మకి, "రేపు పొద్దున భాత్ వద్దు" అని ముందే చెప్పకపోతే ఆవిడ వండి, మీకోసం తినకుండా కూర్చుంటుంది. మీరు ఎంత హాయిగా తిరిగొచ్చినా ఆ ముఖం చూస్తే హాయి దిగిపోతుంది. నాకు ఒకసారి అయింది.

పొద్దున ఏడింటికి లగన్‌ఖేల్ బస్టాండుకి చేరండి. నేను మొదటిసారి ఎటు వెళ్లాలో తెలియకుండానే వెళ్లాను. మైక్రో అనే చిన్న వ్యాను తలుపు పట్టుకుని వేలాడుతూ ఒక కుర్రాడు "గోదావరి, గోదావరి!" అని అరుస్తున్నాడు. గోదావరి గట్టు మీద పుట్టినదాన్ని, ఇంక ఆలోచిస్తానా? ఎక్కేశాను. సాత్‌దోబాటో, హరిసిద్ధి, థైబా మీదుగా గంట లోపే దింపేశాడు. డ్రైవరు పక్క సీటు దొరికితే వదలకండి, వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. దిగాలంటే "రోక్నుస్" అంటే చాలు. నేపాలీ చిల్లర దగ్గరుంచుకోండి. మన వంద వాళ్ల 160. కొట్లో ధర చెబితే ఐసీయా, ఎన్‌సీయా అని అడగండి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్లది.

గోదావరి అనే ఈ ఊరు ఫుల్చౌకి కొండ కింద ఉంది. ఖాట్మండు లోయ చుట్టూ ఉన్న కొండల్లో అదే ఎత్తయినది. ఊళ్లో అందరూ వెళ్లేది 1962లో పెట్టిన జాతీయ వృక్షోద్యానానికి. తోట బాగుంటుంది, కానీ శనివారం పదిన్నర దాటిందంటే పిక్నిక్ బ్యాచ్‌లు దిగుతాయి. అందుకని ముందు గోదావరి కుండానికి వెళ్లి, తోటని ఇంకో రోజుకి పెట్టుకోండి. తోటలో మనతో సహా సార్క్ దేశాల వాళ్లకి టికెట్టు వేరుగా ఉంటుంది, గుర్తింపు కార్డు మర్చిపోకండి.

కుండం అంటే కొండలోంచి ఊరే నీళ్లు. లోపలి కొలనులో నిండి, చెక్కిన రాతి తూముల్లోంచి బయటి పెద్ద కొలనులో పడతాయి. దక్షిణాన మన గోదావరిలో ఒక యోగి పోగొట్టుకున్న వస్తువులు ఇక్కడ తేలాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పన్నెండేళ్లకోసారి, బృహస్పతి సింహరాశిలో ఉండగా, ఇక్కడ మేళా జరుగుతుంది. మన పుష్కరాల లెక్కే! 2015లో మేం పుష్కరాల రేవులో మునిగిన ఏడాదే వాళ్లూ ఇక్కడ మునిగారు.

చెప్పులు విప్పి, తూము కింద చెయ్యి పెట్టాను. వేళ్లు జివ్వుమన్నాయి. మా గోదావరి ఎర్రగా, అవతలి గట్టు ఆనకుండా ఉంటుంది. ఇక్కడి నీళ్లలో మాత్రం అడుగున పడ్డ పైసా మీది అంకె కూడా చదవొచ్చు. ఇద్దరు ముసలమ్మలు వచ్చి, సీసాల్లో నీళ్లు పట్టుకుని, నన్ను పలకరించకుండానే వెళ్లిపోయారు. ఆ పలకరించకపోవడం ఎంత బాగుందో! ఫ్లాస్కులో అల్లం టీ, సంచిలో రెండు సెల్ రోటీలు, అంటే బియ్యప్పిండితో గాజుల్లా వేయించే తియ్యటి రొట్టెలు. పుస్తకం తీసుకెళ్లాను గానీ తెరవలేదు.

ఫుల్చౌకి అడవి దారిలోకి ఒంటరిగా వెళ్లొద్దు. వానాకాలమైతే జలగలు కూడా. మార్చి, ఏప్రిల్లో పూసే లాలిగురాస్ (రోడోడెండ్రాన్) పూలు చూడాలనిపిస్తే ఇంకెవరినైనా తోడు తీసుకుని, దాన్ని వేరే రోజు చేసుకోండి. తిరిగి రావడానికి సాయంత్రం నాలుగింటికల్లా మైక్రో పట్టుకోండి, ఐదు దాటితే నిలబడే చోటు కూడా ఉండదు.

ఫోను ఆపేసి సంచి అడుగున పెట్టండి, కానీ ఇంట్లోవాళ్లకీ శుక్రవారమే చెప్పండి. నేను చెప్పలేదు. లగన్‌ఖేల్లో దిగి ఆన్ చేస్తే మా అమ్మాయివి పదకొండు మిస్డ్ కాల్స్.

"పొద్దుట్నుంచి ఎక్కడికెళ్లావమ్మా?"

"గోదావరికే."

"అదేంటి, రాజమండ్రి వచ్చేసి మాకు చెప్పనేలేదు!"