రివర్స్ ప్రాక్సీ పాఠాలు – 6: నాలుగో లైను అంటే ఏ పేటలో?

గుంటూరులో "ఇల్లెక్కడండీ?" అంటే "నాలుగో లైను" అంటారు. బ్రాడీపేటలో నిలబడి వింటే అది బ్రాడీపేట నాలుగో లైను. రైలు పట్టాలు దాటి అరండల్‌పేటలో వింటే వేరే వీధి. "పక్క లైను" అన్నారా, మనం ఏ లైనులో ఉన్నామో కూడా తెలియాలి. ఊరూ పేటా లైనూ అన్నీ చెబితే తప్పిపోము. వెబ్ లింకులూ ఈ మూడు రకాలే: హోస్టుతో (సైటు పేరుతో) సహా రాసిన పూర్తి లింకు, స్లాష్‌తో మొదలయ్యే "/లాగిన్", ఉన్న పేజీని బట్టి తేలే ఉత్త "లాగిన్".

పోయిన పాఠంలో మిర్చి కోల్డ్ స్టోరేజీ స్టాకు అప్లికేషన్‌ని ఎంజిన్‌ఎక్స్ (బయటి అభ్యర్థనల్ని అందుకుని లోపలి అప్లికేషన్‌కి అందించే రివర్స్ ప్రాక్సీ) వెనక "/స్టాకు/" కింద పెట్టాం. ప్రాక్సీ ఆ ముందుభాగాన్ని తీసేసి లోపలికి పంపుతోంది. అందువల్ల అప్లికేషన్ తాను "/" దగ్గరే ఉన్నాననుకుని "/లాగిన్" అని లింకు రాస్తుంది. బ్రౌజర్ "/స్టాకు" ని వదిలేసి డొమైన్ మొదటికి పోతుంది. అక్కడ 404, అంటే ఆ పేజీ లేదు.

పూర్తి లింకు ఇంకా ప్రమాదం. ఎంజిన్‌ఎక్స్‌కి మనం చెప్పకపోతే, హోస్ట్ హెడర్‌లో (ఏ సైటు కావాలో చెబుతూ అభ్యర్థనతో వెళ్లే వివరంలో) లోపలి చిరునామానే పంపుతుంది. దాన్ని చూసి అప్లికేషన్ "లోకల్‌హోస్ట్:8080" అని లింకు కడితే, యార్డులో ఉన్న రైతు ఫోను ఆ పేజీని తనలోనే వెతుక్కుంటుంది. నేను సర్వర్ ఉన్న మెషీన్ మీదే పరీక్షించి, అంతా బాగుందని అప్పజెప్పి ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. కాబట్టి ఎప్పుడూ వేరే ఫోనులో, మొబైల్ డేటా మీద చూడండి.

రీడైరెక్ట్ అంటే "వేరే పేజీకి వెళ్లు" అని సర్వర్ ఇచ్చే జవాబు; ఎక్కడికి వెళ్లాలో లొకేషన్ హెడర్‌లో ఉంటుంది. అందులో మనం ఎంజిన్‌ఎక్స్‌కి ఇచ్చిన లోపలి పూర్తి చిరునామా ఉంటే ఎంజిన్‌ఎక్స్ తనే సరిచేస్తుంది. పేజీ లోపలి లింకుల జోలికి మాత్రం పోదు. 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం లొకేషన్‌లో పూర్తి చిరునామా ఉండాలంది. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7231 అనే ప్రమాణం రిలేటివ్ (హోస్టు లేని) చిరునామా కూడా చెల్లుతుందంది. పాత ఫ్రేమ్‌వర్కులు పూర్తి చిరునామాలు కట్టడానికి కారణం అదే.

అయితే లింకులన్నీ ఉత్త "లాగిన్" లాగా రిలేటివ్‌గా రాసేస్తే సరిపోతుందా? చివరి స్లాష్‌ని చూడండి. "/స్టాకు/" పేజీలో "లాగిన్" నొక్కితే "/స్టాకు/లాగిన్" కి వెళ్తాం. "/స్టాకు" పేజీలో అదే నొక్కితే "/లాగిన్" కి పోతాం. ఒక్క గీత తేడా! పేజీలు రెండు మూడు మెట్లు లోతుకి పోతే ఈ లెక్క పట్టుకోవడం కష్టం. అందుకే నా మాట: ముందుభాగాన్ని ఒక్క సెట్టింగులో పెట్టి, ప్రతి లింకునీ దాన్నుంచే కట్టించండి.

ఈమెయిల్లో వెళ్లే పాస్‌వర్డ్ మార్పిడి లింకు మాత్రం పూర్తిగానే ఉండాలి. ఆ డొమైన్ పేరు కూడా సెట్టింగు నుంచే రావాలి, వచ్చిన హోస్ట్ హెడర్ నుంచి తీసుకోకండి. హెడర్‌ని ఎవరైనా మార్చి పంపగలరు. అప్పుడు మీ వాడుకరి తాళం దొంగ చేతికి పోతుంది.

అభ్యాసం: "/స్టాకు/లాట్లు/25" పేజీలో "../లాగిన్" అని రాస్తే ఎక్కడికి పోతుంది? చివర స్లాష్ పెడితే? ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత బ్రౌజర్‌లో చూడండి.