వెబ్ యాక్సెసిబిలిటీ చట్టాల జాబితా పాతబడిపోతుంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వెబ్‌సైట్లు వికలాంగులకు అందుబాటులో ఉండాలని ఏ దేశంలో ఏ చట్టం చెబుతోందో ఒకచోట చూపించే జాబితా చాలామందికి అవసరం. స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే ఒకరు ఫిర్యాదు రాస్తూ అందులోంచే సెక్షన్ నంబరు తీసుకుంటారు. ఎంట్రీ లేకపోతే వేరేచోట వెతుక్కుంటారు. తప్పు ఎంట్రీ ఉంటే మాత్రం దాన్నే నమ్మి ఫిర్యాదు పంపేస్తారు, అది తిరిగొస్తుంది. అందుకే కొత్త దేశాలను చేర్చడం కన్నా ఉన్నవాటిని సరిగ్గా ఉంచడమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

లింకు పనిచేస్తోంది, కానీ తెరిస్తే చట్టం కనబడదు

ప్రభుత్వ సైట్లను కొత్తగా కట్టినప్పుడు పాత చిరునామాలను హోమ్ పేజీకి మళ్లించేస్తుంటారు. లింకులు పరీక్షించే ప్రోగ్రామ్‌కు 200 (పేజీ దొరికింది) అనే జవాబు వస్తుంది కాబట్టి అంతా బాగుందని చెబుతుంది. తెరుచుకున్న పేజీలో చట్టం నంబరు గానీ పేరు గానీ ఉందో లేదో కూడా ఆ ప్రోగ్రామ్ చూసేలా మార్చండి. చట్టం పేరు మూలభాషలో, నంబరు, సంవత్సరం, గెజిట్ వివరాలు ఎంట్రీలోనే రాసి పెట్టండి. రేపు లింకు పోయినా వాటితో వెతికి పట్టుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ చట్టాలకైతే వాటి అధికారిక వెబ్‌సైట్ యూర్-లెక్స్‌లో ప్రతిదానికీ శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్నే వాడండి.

"ఇది ఇప్పుడు అమల్లో ఉందా?" అంటే జాబితా దగ్గర జవాబు లేదు

తేదీకి ఒకే కాలమ్ ఉండటమే ఇక్కడ కారణం. చట్టానికి ఒక్క తేదీ ఎప్పుడూ సరిపోదు. యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ 2019లో వచ్చింది. సభ్యదేశాలు 2022 జూన్ 28లోగా సొంత చట్టాలు చేసుకోవాలి. కంపెనీలకు వర్తించడం 2025 జూన్ 28న మొదలైంది. అంతకుముందే కుదిరిన కొన్ని సేవా ఒప్పందాలు గరిష్ఠంగా మరో ఐదేళ్లు అలాగే కొనసాగవచ్చు. ఇవన్నీ ఒక్క గడిలో పడితే "2019" అని మాత్రమే మిగులుతుంది. భారతదేశ వికలాంగుల హక్కుల చట్టం పేరులో 2016 ఉన్నా అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న.

ఆమోదం, అమలు, గడువు అని కాలమ్‌లు విడగొట్టండి. గడువులు ఒకటికి మించి ఉంటే ఎవరికి ఏది అన్నది పక్కనే రాయండి. అమెరికాలో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల వెబ్‌సైట్ల మీద 2024 ఏప్రిల్‌లో వచ్చిన నియమం 50,000 జనాభాను హద్దుగా పెట్టి, పెద్ద సంస్థలకు ఒక గడువు, చిన్నవాటికి మరో గడువు ఇచ్చింది. గడువులు జరిగిపోతాయి కూడా. అందుకని తేదీ రాగానే "అమల్లో ఉంది" అని సాఫ్ట్‌వేర్ తనంతట తానే మార్చేలా పెట్టొద్దు. ఆ తేదీకి కొన్ని వారాల ముందే ఒక మనిషికి రిమైండర్ వెళ్లాలి, ఆ మనిషి గెజిట్ తెరిచి చూడాలి.

చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, అయినా ఎంట్రీ తప్పు

అన్నిటికన్నా ఎక్కువగా తప్పించుకుపోయేది ఇదే. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో భారత సుప్రీంకోర్టు, 2017 నాటి వికలాంగుల హక్కుల నియమాల్లోని 15వ నియమం మాతృచట్టానికి విరుద్ధంగా ఉందని తేల్చింది. అందుబాటు ప్రమాణాలను చట్టం తప్పనిసరి అంటుంటే నియమం వాటిని సలహాల స్థాయికి దించిందన్నది కోర్టు అభ్యంతరం. మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 2016 చట్టం పాఠం మాత్రం అలాగే ఉంది. పార్లమెంటు వైపే చూస్తూ కూర్చున్న జాబితాకు ఈ మార్పు కనబడే అవకాశమే లేదు. అమెరికాలోనూ అంతే: 1990 నాటి వికలాంగుల చట్టంలో వెబ్‌సైట్ల ఊసే లేదు, ప్రైవేటు వ్యాపారాల సైట్లకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద కోర్టులు ఒక్కమాట మీద లేవు.

కాబట్టి ఒక్కో చట్టానికి ఒక్క వరుస అన్న పద్ధతి వదిలేయండి. చట్టం, దాని కింద నియమాలు, అవి పేర్కొన్న ప్రమాణం, వాటి మీద వచ్చిన తీర్పులు వేర్వేరు రికార్డులుగా ఉండాలి, ఒకదానికొకటి ముడిపడి ఉండాలి. దేనికి దాని స్థితి. పని పెరుగుతుంది, నిజమే. కానీ తీర్పు వచ్చినప్పుడు ఎక్కడ రాయాలో తెలియక వదిలేయడం అనే ఇబ్బంది అప్పుడే పోతుంది.

అన్ని దేశాల పక్కనా డబ్ల్యూసీఏజీ 2.2 అని కనిపిస్తోంది

డబ్ల్యూసీఏజీ అంటే వెబ్‌సైట్లు వికలాంగులకు అందాలంటే ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం. 2023 అక్టోబరులో దాని 2.2 వెర్షన్ వచ్చింది కదా అని ఎవరో మంచి మనసుతోనే వరుసలన్నీ ఒకేసారి మార్చేసి ఉంటారు. కొత్త వెర్షన్ వచ్చినంత మాత్రాన చట్టం మారదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సంస్థలకు వర్తించే సెక్షన్ 508 నియమాలు 2.0ను పేర్కొంటాయి. పైన చెప్పిన 2024 నియమం 2.1 అంటుంది. వెర్షన్ నంబరును చట్టంలోని వాక్యం నుంచే తీసుకోండి, ఆ క్లాజు నంబరు పక్కన రాయండి. క్లాజు నంబరు లేని మార్పును తీసుకోవద్దు.

దేశం పేరు సరే, చట్టం అక్కడ అందరికీ వర్తించదు

బ్రిటన్ ఎదురుగా 2010 ఈక్వాలిటీ యాక్ట్ అని రాసి వదిలేస్తారు. కానీ అందులో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో ఇప్పటికీ 1995 నాటి వికలాంగుల వివక్ష నిరోధక చట్టమే నడుస్తోంది. కెనడాలో 2019 నాటి ఫెడరల్ చట్టం ఉంది, అక్కడి ఒంటారియో రాష్ట్రానికి 2005 నుంచే సొంత చట్టం ఉంది. ప్రాంతం, ప్రభుత్వ రంగమా ప్రైవేటా అన్నవి తప్పనిసరి కాలమ్‌లు చేయండి.

నిన్ననే అప్‌డేట్ అయినట్టు చూపిస్తోంది, లోపల పాత సమాచారం

అక్షరదోషం దిద్దినా ఆ తేదీ మారిపోతుంది. పాఠకుడికి కావలసింది వేరే తేదీ: మూలాన్ని ఒక మనిషి చివరిసారి ఎప్పుడు చదివి సరిచూశారన్నది. రెండూ విడిగా చూపించండి. ఏడాదిగా ఎవరూ సరిచూడకపోతే ఆ మాట ఎంట్రీ పైనే రాయండి. దాచొద్దు.

రద్దయిన చట్టాలు మాయమైపోతున్నాయి

తీసేయకండి. పాత కేసు చదివేవాళ్లకు 1995 నాటి భారత చట్టం వివరాలు ఇప్పటికీ కావాలి. "రద్దయింది" అని రాసి, 2016 చట్టానికి దారి చూపించండి.

జాబితానే వికలాంగులకు అందడం లేదు

స్థితిని ఆకుపచ్చ, ఎరుపు చుక్కలతో మాత్రమే చూపిస్తే చూపులేని వాళ్లకూ రంగులు తేడా తెలియని వాళ్లకూ ఏమీ అందదు, మాటల్లో కూడా రాయండి. దేశాన్ని ఎంచుకున్నప్పుడు ఎన్ని ఫలితాలు వచ్చాయో స్క్రీన్ రీడర్ పలకాలి. జర్మన్‌లోనో జపనీస్‌లోనో ఉన్న చట్టం పేరుకు పేజీ కోడ్‌లో అది ఏ భాషో చెప్పే గుర్తు ఇవ్వకపోతే స్క్రీన్ రీడర్ దాన్ని పేజీ భాషలో చదవబోయి అర్థం కాకుండా చేస్తుంది. చట్టం ప్రతి స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానే దొరికితే, కనీసం వర్తించే సెక్షన్లనైనా టైపు చేసి ఎంట్రీలో పెట్టండి, అది అధికారిక ప్రతి కాదని అక్కడే చెప్పండి.