రంగస్థల ధ్వని – పాఠం 4: ముందు చేరిన శబ్దానిదే దిశ

కిందటి పాఠంలో హాలు పటం గీసి, ప్రతి స్పీకరు ఎక్కడుందో, ఏ సీటుకు ఎంత దూరంలో ఉందో రాసుకోమన్నాను. ఆ పటం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠమంతా దానితోనే పని.

నటి వేదిక ఎడమ అంచున నిలబడి మాట్లాడుతోంది. గొంతు మాత్రం పైన వేలాడదీసిన స్పీకర్లలోంచి వస్తోంది. వేదిక మీద ఒక్కరే ఉంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆరుగురు ఉన్న సన్నివేశంలో మాత్రం, ఎవరి పెదవులు కదులుతున్నాయో ప్రేక్షకుడు వెతుక్కుంటాడు. అతను మనిషిని కనిపెట్టేలోపు సంభాషణలో సగం జారిపోతుంది. స్పేషియల్ ఆడియో (శబ్దం ఏ దిశ నుంచి వస్తోందో తెలిసేలా వినిపించడం) అనగానే చాలామందికి హాలు చుట్టూ తిరిగే ఉరుములు, తల మీదుగా ఎగిరే హెలికాప్టర్లు గుర్తుకొస్తాయి. వాటి దగ్గరికి తర్వాత వెళ్దాం. నాటకానికి ముందుగా కావలసింది, మాట్లాడే మనిషి దగ్గర నుంచే మాట వినిపించడం. అది సాధించకుండా ఉరుముల జోలికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇందుకు మిక్సర్‌లోని ప్యాన్ మీట చాలదు. ప్యాన్ చేసే పని రెండు స్పీకర్ల మధ్య శబ్ద తీవ్రతను పంచడమే. హాలు నడిమి గీత మీద కూర్చున్న కొద్దిమందికే అది సరిగ్గా పనిచేస్తుంది. ఎడమ స్పీకరుకంటే కుడి స్పీకరుకు మూడు మీటర్లు దగ్గరగా కూర్చున్నవారికి ఆ స్పీకరు శబ్దం దాదాపు 9 మిల్లీసెకన్ల ముందే చేరుతుంది. మీరు ప్యాన్‌ను కొంత ఎడమకు తిప్పినా వారి చెవి కుడివైపే చూపిస్తుంది.

కారణం మన వినికిడిలోనే ఉంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది తేడాతో వచ్చినప్పుడు మనం రెండు శబ్దాలు వినం, ఒకటే వింటాం. దాని దిశను ముందు చేరిన శబ్దం నిర్ణయిస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో హెల్ముట్ హాస్ 1949లో తన డాక్టరేట్ పరిశోధనలో దీన్ని మాటలతో పరీక్షించాడు. అదే ఏడాది అమెరికాలో వాలక్, న్యూమన్, రోజెన్‌జ్వైగ్ కూడా ఇదే విషయంపై వ్యాసం ప్రచురించారు. మన పనికి అత్యంత విలువైనది హాస్ గమనించిన మరో సంగతి. వెనక వచ్చే శబ్దం సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, అది 10 డెసిబెల్స్ దాకా ఎక్కువ గట్టిగా ఉన్నా దిశ మొదటి శబ్దం వైపే నిలుస్తుంది. అంటే మాటకు బలం స్పీకరు ఇస్తుంది, దిశ నటి నోటి నుంచి నేరుగా వచ్చే గొంతు ఇస్తుంది.

ముందుకు వెళ్లేముందు దీన్ని మీ చెవులతో నిర్ధారించుకోండి. రెండు స్పీకర్లకు సమాన దూరంలో కూర్చుని, రికార్డు చేసిన ఒక గొంతును రెండింటికీ ఒకే స్థాయిలో పంపండి. గొంతు మధ్యలో వినిపిస్తుంది. కుడి స్పీకరుకు అర మిల్లీసెకను డిలే (ఆలస్యం) ఇవ్వండి, గొంతు ఎడమకు జరుగుతుంది. ఇప్పుడు 15 మిల్లీసెకన్లు పెట్టండి. కుడి స్పీకరు ఆగిపోయిందేమో అనిపిస్తుంది. దాన్ని నిజంగానే ఆపి చూస్తే గొంతు సన్నబడుతుంది, అది ఎంత పని చేస్తోందో అప్పుడు అర్థమవుతుంది. తిరిగి మోగించి, స్థాయిని ఒక్కో డెసిబెల్ పెంచుతూ గొంతు ఎప్పుడు కుడివైపు దూకుతుందో గుర్తుపెట్టుకోండి. చివరగా డిలేను 60 దాటించండి, ప్రతిధ్వని విడిగా వినిపిస్తుంది. ఇదే ప్రయోగం చప్పట్ల శబ్దంతో చేస్తే ప్రతిధ్వని చాలా ముందే బయటపడుతుంది. మాటకు పనికొచ్చిన డిలే డప్పుకు పనికిరాకపోవడానికి ఇదే కారణం.

ఇక లెక్క. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే మీటరుకు 2.9 మిల్లీసెకన్లు. మూడో వరుస కుడి చివరి సీటు తీసుకుందాం. ఎడమ అంచున ఉన్న నటి అక్కడికి 12 మీటర్లు, కుడి స్పీకరు 5 మీటర్లు. తేడా 7 మీటర్లు, అంటే 20 మిల్లీసెకన్లు. నటి గొంతు ముందు చేరాలంటే స్పీకరును కనీసం అంత ఆపాలి. హాస్ చెప్పినట్టు స్పీకరు కొంత వెనకబడేలా పైన మరో 10 కలిపితే 30.

ఇదే డిలే వెనక వరుస మధ్య సీటుకు ఎలా ఉంటుంది? అక్కడికి నటి 15 మీటర్లు, కుడి స్పీకరు 13. తేడా 6 మిల్లీసెకన్లే కాబట్టి స్పీకరు శబ్దం 24 మిల్లీసెకన్లు వెనక వస్తుంది. మాటకు ఫరవాలేదు. ముందు వరుస ఎడమ సీటు చూడండి. నటి 4 మీటర్లు, కుడి స్పీకరు 13. నటి గొంతు అక్కడ ఎలాగూ 26 మిల్లీసెకన్లు ముందుంది, దానికి 30 తోడైతే 56. అది ప్రతిధ్వని అంచు. దీనికి మందు డిలే తగ్గించడం కాదు, కుడి స్పీకరు ఆ సీటు వైపు మోగకుండా దాని ముఖం తిప్పడం. ఎప్పుడూ అతి కష్టమైన సీటుతో లెక్క మొదలుపెట్టి, అతి సులువైన సీటు చెడిపోలేదని చూసుకోండి. మధ్య సీటులో కూర్చుని సరిచేసిన డిలే మధ్య సీటుకే సరిపోతుంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. డిజిటల్ వైర్‌లెస్ మైకు, మిక్సర్, ఇతర ప్రాసెసింగ్ కలిసి ఇప్పటికే కొన్ని మిల్లీసెకన్లు తింటాయి. ఆ ఆలస్యం 5 అయితే మీరు పెట్టవలసింది 30 కాదు, 25.

డిలేను స్పీకరు అవుట్‌పుట్‌కు పెట్టకండి. అక్కడ పెడితే వేదిక మీదున్న అందరికీ అదే వర్తిస్తుంది. కుడివైపు నటుడికి కావలసిన అంకె వేరు. కాబట్టి వేదికను మండలాలుగా విభజించి, ఒక్కో మండలం నుంచి ఒక్కో స్పీకరుకు వెళ్లే దారికి విడిగా డిలే, స్థాయి ఇవ్వాలి. మూడు మండలాలు, ఐదు స్పీకర్లు ఉంటే పదిహేను అంకెలు. డిలే మ్యాట్రిక్స్ అంటే ఇదే. ఖరీదైన యంత్రాలు చేసేదీ మూలంలో ఈ లెక్కే, కాకపోతే ఎంతో వేగంగా, నటుడి కదలికను వెంబడిస్తూ చేస్తాయి.

నటుడు మండలం మారినప్పుడు డిలేను మెల్లగా జార్చాలని అనిపిస్తుంది. ఒక సెకనులో 10 మిల్లీసెకన్లు జారిస్తే శ్రుతి ఒక శాతం మారుతుంది. మాటలో అది తెలియదు, పాటలో సాగదీసిన స్వరం మీద స్పష్టంగా తెలుస్తుంది. పాటల సన్నివేశాల్లో పాత మండలాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచండి. రెండూ కలిసి మోగే ఆ కొద్దిసేపు స్వరం రంగు కాస్త మారుతుంది కాబట్టి, మార్పును వాక్యాల మధ్య విరామంలో జరిగేలా క్యూలో (ఏ క్షణాన ఏం చేయాలో రాసుకునే పట్టీలో) రాసుకోండి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. సంగీత నాటకంలో వాద్యాల హోరుకు తగ్గట్టు గొంతును 10 డెసిబెల్స్ కంటే ఎక్కువ పెంచితే నటి సహజ స్వరం దిశ ఇవ్వలేదు. అప్పుడు ఆమె నిలబడే చోటికి దగ్గరగా, సెట్టులోనో వేదిక అంచునో చిన్న స్పీకరు దాచి, ముందు చేరే శబ్దాన్ని దానికి అప్పగించాలి. పెద్ద స్పీకర్ల డిలే ఇక దాన్నిబట్టే లెక్కించాలి.

వచ్చే పాఠానికి మీ పటంలో మూడు మండలాలు గీయండి. నాలుగు మూలల సీట్లు, ఒక మధ్య సీటు ఎంచుకుని, ప్రతి మండలానికీ ప్రతి స్పీకరు డిలే లెక్కగట్టండి. 40 మిల్లీసెకన్లు దాటిన ప్రతి అంకె చుట్టూ ఎర్రగా సున్న చుట్టండి. పాఠం 5లో ఆ ఎర్ర సున్నలతోనే మొదలుపెడదాం.