ఉద్దానం ఎలుగుబంట్ల జన్యు పర్యవేక్షణకు నమూనాలు సేకరించే విధానం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస, మందస, సోంపేట పరిసరాల జీడితోటల్లో తిరిగే ఎలుగుబంట్లను పట్టకుండా, మత్తు ఇవ్వకుండా లెక్కించడానికి వాటి మలం, వెంట్రుకలు చాలు. అయితే ఎలుగుబంటి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కనుక, ముందుగా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

తెల్లవారుజామున, ఎండ తగలకముందే వెతకాలి. మలం పైపొరలో పేగు గోడల నుంచి రాలిన కణాలుంటాయి; కాబట్టి లోపలి జీడిపండు పిప్పినీ గింజలనూ కదపకుండా, తడి ఆరని పైపొరను మాత్రమే శుభ్రమైన పుల్లతో గీరి ఆల్కహాలు సీసాలో వేయాలి. పిప్పి కలిస్తే అందులోని రసాయనాలు పీసీఆర్ పరీక్షను, అంటే కొద్దిపాటి డీఎన్ఏకు ఎన్నో నకళ్లు తీసే ప్రక్రియను, అడ్డుకుంటాయి. ఇక్కడ తొందరపడితే తర్వాతి శ్రమంతా వృథాయే.

ముళ్ల ఇనుపతీగకు చిక్కిన ఎలుగు వెంట్రుకలను కుదురుతో సహా తీసి, ఒక్కో ముల్లువి ఒక్కో కాగితపు కవరులో, తేమను పీల్చే సిలికా జెల్‌తో భద్రపరచాలి. తేదీ, జీపీఎస్ స్థానం అక్కడికక్కడే రాయాలి.

ప్రయోగశాలలో తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏతో జాతిని నిర్ధారించి, మైక్రోశాటిలైట్లతో (ఒక్కో జంతువులో ఒక్కో పొడవుండే, పదేపదే వచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలతో) ఒక్కో జంతువునూ వేరుగా గుర్తిస్తారు. మలంలోని డీఎన్ఏ శిథిలమై ఉంటుంది కనుక ప్రతి పరీక్షనూ పలుమార్లు చేయించాలి. లేకుంటే ఒకే ఎలుగు రెండుగా లెక్కకు రావచ్చు.

ఏటా అదే కాలంలో, అవే దారుల్లో సేకరణ కొనసాగించాలి. జన్యు వైవిధ్యం తగ్గుతున్నట్టు తేలితే, ఒడిశా సరిహద్దున ఉన్న మహేంద్రగిరి కొండల ఎలుగులతో రాకపోకలు తెగిపోయాయేమో అక్కడి నమూనాలతో పోల్చి చూడాలి.