లాబ్రడార్‌ను దత్తత తీసుకునే ముందు నాలుగు మెట్లు ఎక్కించి చూడండి

విశాఖలో జంతు సంరక్షణ కేంద్రం నుంచి లాబ్రడార్‌నో, గోల్డెన్ రిట్రీవర్‌నో దత్తత తీసుకోదలచినవారు, అది తోక ఊపుతూ మీదికి రాగానే కాగితాలపై సంతకం చేసేయకుండా, ముందుగా దానిని నాలుగు మెట్లు ఎక్కించి చూడడం మంచిది. వెనుక కాళ్లు రెండూ కుందేలులా ఒకేసారి ఎగరేస్తూ ఎక్కినా, కూర్చుని లేచేటప్పుడు తడబడినా, ఈ జాతుల్లో తరచుగా కనిపించే తుంటి కీలు లోపాన్ని అనుమానించి, పశువైద్యుని సలహాతో ఎక్స్‌రే తీయించాలి; 30 కిలోల కుక్కను లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో రోజూ మోయడం మాటలు కాదు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లున్నాయేమో తడిమి చూడాలి. చిగుళ్లు పాలిపోయి ఉంటే గోమార్ల జ్వరానికి రక్తపరీక్ష తప్పనిసరి. రేబిస్ టీకా కార్డు అడిగి తీసుకోవాలి.

మన ఉక్కపోతకు ఈ ఒత్తైన బొచ్చు కుక్కలు త్వరగా డస్సిపోతాయి కనుక, వేసవిలో బీచ్ రోడ్డు షికారును ఎండ ఎక్కకముందే ముగించాలి. లాబ్రడార్ నీటిని చూస్తే ఆగదు. అలల్లో ఆడనిచ్చినా ఉప్పునీరు తాగనివ్వకుండా, తాగేందుకు మంచినీళ్లు వెంట తీసుకువెళ్లి, ఇంటికి రాగానే ఒళ్లు కడిగి చెవులు పొడిగా తుడవాలి.